లైట్లు పూర్తిగా ఆర్పకండి

నాటకం మొదలైంది. హాలంతా చీకటి. ఉన్నట్టుండి ఉరుము. మూడో వరుసలో ఒక పిల్లాడు రెండు చెవులూ మూసుకుని కేకపెట్టాడు. చుట్టూ అందరూ అటే చూశారు. తల్లి వాణ్ణి చంకనేసుకుని బయటికి నడిచింది. ఆమె మళ్లీ నాటకానికి రాదు. ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లలో ఇలాంటివి మామూలే. ఆ ఉరుము సంగతి ముందే పట్టించుకునే మనిషి ఉంటే? అదే మీ ఉద్యోగం కావచ్చు.

2011 అక్టోబరు 2న న్యూయార్క్‌లోని మిన్‌స్కాఫ్ థియేటర్‌లో ‘ది లయన్ కింగ్’ వేశారు. ఆటిజం ఉన్నవారి కోసం బ్రాడ్‌వేలో జరిగిన మొదటి ప్రదర్శన అది. నిర్వహించింది థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్. కథ మార్చలేదు. ఉలిక్కిపడే శబ్దాలు తగ్గించారు, జనం కళ్లలో కొట్టే మెరుపు లైట్లు వద్దన్నారు. కాసేపు తేరుకోవడానికి బయట ప్రశాంతమైన చోటు పెట్టారు. మధ్యలో లేచినా, మాట్లాడినా ఎవరూ కసురుకోరు. ఇలాంటి ఆటల్ని రిలాక్స్‌డ్ పెర్ఫార్మెన్స్ అంటారు.

మన సురభి నాటకాలనే తీసుకోండి. మాయలూ మెరుపులూ లేకపోతే అవి సురభి నాటకాలే కావు. తీసేయమంటే కళాకారులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ రిహార్సల్‌లో కూర్చుని ఏ రంగంలో, ఎన్నో నిమిషానికి పెద్ద శబ్దం వస్తుందో రాసుకుని, ఆ కాగితాన్ని గేటు దగ్గర తల్లిదండ్రుల చేతికిస్తే సగం భయం అక్కడే పోతుంది. ఈ పనిలో అసలు నేర్పు ఆ కాగితమే అని నా నమ్మకం. చక్రాల కుర్చీల ర్యాంపు లెక్కయితే ఎవరైనా చెప్తారు: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు.

ఈ ఉద్యోగానికి అచ్చంగా సరిపోయే డిగ్రీ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. స్టేజీ పని ఒకటి, మనుషుల అవసరం తెలిసిన చదువు ఒకటి, రెండూ జతచేసుకోవాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. స్పెషల్ ఎడ్యుకేషన్‌కు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. భారతీయ సంజ్ఞా భాష అనువాదంలో రెండేళ్ల డిప్లొమా ఢిల్లీ ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీలో చేయొచ్చు. ఆర్కిటెక్చర్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు: సిద్ధాంత్ షా ‘యాక్సెస్ ఫర్ ఆల్’ పెట్టి, చూపులేనివారు తడిమి తెలుసుకునే కళాకృతులు తయారుచేయిస్తున్నారు.

నెల జీతం ఉద్యోగాలు ఇంకా తక్కువే, దాచడం ఎందుకు. మొదట్లో ఈవెంట్ కంపెనీలకు విడిగా పనిచేయాల్సి రావచ్చు. ఇలాంటి ఏర్పాట్లు అడగడానికి మాత్రం ఆధారం ఉంది: 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కునూ చెప్పింది.

మీ కాలేజీ వార్షికోత్సవంతో మొదలుపెట్టండి. స్పీకర్లకు దూరంగా ఒక గది అడిగి తీసుకోండి. వారం ముందే ఆటిజం ఉన్న ఒక పిల్లాణ్ణీ వాళ్లమ్మనూ పిలిచి హాలంతా తిప్పండి. ఎక్కడ ఇబ్బందో ఆవిడ చెప్తుంటే రాసుకోండి. ఆ పూటకి ఆవిడకు ఫీజు ఇవ్వండి, శాలువా కాదు.