నాట్యానికి తగిన నేల

రానున్న ఉత్సవాలలో నాట్య ప్రదర్శనల కొరకు మండపంలో పరచి, పిదప తీసి భద్రపరచుకొనదగినది ఏదైనా సమర్పిస్తానని ఒక దాత ముందుకు వచ్చారు. “ఎర్ర తివాచీ అయితే శోభగా ఉంటుంది కదా, శాస్త్రిగారూ!” అన్నారు. ఆ మాట వినగానే నాకు సిగ్గు కలిగింది.

పదేళ్ళ క్రితం మా అచ్చంపేటలో శరన్నవరాత్రులకు కూచిపూడి ప్రదర్శన జరిగినప్పుడు, నాపరాళ్ళపై తివాచీ పరిపించినవాడను నేనే. తరంగం ఆరంభమైంది. పన్నెండేళ్ళ బాలిక ఇత్తడి పళ్ళెం అంచులపై నిలిచి ముందుకు జరుగుతుండగా తివాచీ ముడత అడ్డుపడింది. బాలిక పడిపోయింది, చీలమండ బెణికింది. అయినా కన్నీరు దిగమ్రింగి మంగళం దాకా నిలిచింది. నాట్యశాస్త్రం ద్వితీయాధ్యాయాన్ని ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పిన నేను, నేలవైపు ఒక్కసారి చూడలేదు.

రంగశీర్షాన్ని రాళ్ళు, గడ్డి లేకుండా దున్నిన నల్లమట్టితో నింపాలని ఆ అధ్యాయంలో భరతముని విధించాడు. ఆ తలం తాబేటి వీపువలె గాని, చేప వీపువలె గాని ఉబ్బి ఉండరాదు. నిర్మలమైన అద్దంవలె సమంగా ఉండాలి. (రత్నాలు కూడా ఉంచమన్నాడు, దాతలు భయపడనక్కరలేదు.) నల్లమట్టి మన పల్నాటి వారికి తెలియనిది కాదు. రాతిని కాక మట్టిని చెప్పడంలో ఆంతర్యం, నేల సమంగా ఉంటూనే పాదానికి కొంత లొంగాలని నా తలపు. కూచిపూడి అడుగు వట్టికాలితో వేసేది. రాతిపై వేసిన ప్రతి తట్టూ మడమకు, ముంగాలికి, మోకాలికి తిరిగి తగులుతుంది.

రాతిపై పలుచని వినైల్ షీటు మాత్రమే పరిస్తే జారుడు తగ్గవచ్చునేమో గాని, దెబ్బ తగ్గదు. కనుక అడుగున చెక్క కావాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను నాలుగడుగుల చదరాలుగా కోయించి, క్రింద దగ్గర దగ్గరగా రబ్బరు దిమ్మెలు బిగించాలి. దిమ్మెలు దూరమైతే చెక్క మధ్యలో క్రుంగుతుంది, డప్పువలె మ్రోగి గజ్జెల సవ్వడిని మింగుతుంది. 24 అడుగుల చదరపు వేదికకు ఇటువంటి పలకలు 36 పడతాయి. ఇద్దరు మనుషులు ఒక్కొక్క పలకను సులువుగా ఎత్తగలరు. పలకలు కదలకుండా ఒకదానితో ఒకటి బిగించే అమరిక ఉండాలి; మేకు తల ఒక్కటి కూడా పైకి కనబడరాదు. పైన మెరుపు లేని వినైల్ పరచి అంచులు అంటించవచ్చు. తరంగం ఉన్ననాడు మాత్రం దానిని తీసివేయడం మేలు. పళ్ళెం అంచు దానిని గీరవచ్చు. నల్లని షీటు సాయంకాలపు ఎండకే కాలుతుంది, లేతరంగు ఎన్నుకోండి.

పరచిన పిమ్మట ఒక గోలీని వదలి చూడండి. తనంత తాను దొర్లిపోతే నేల సమంగా లేదన్నమాట. అభిషేక జలం, దీపపు నూనె ఆ దాపునకు రానీయవద్దు. ఉత్సవం ముగిశాక పలకలను తడి లేనిచోట, నేలకు ఆనకుండా ఎత్తుపై ఉంచాలి. లేకుంటే చెదలు దాతకంటే ముందుగా పుణ్యం కట్టుకొంటాయి.

నాడు పడిన ఆ బాలిక నేడు పిల్లలకు నాట్యం నేర్పుతున్నది. అన్ని పలకలూ చేయించకముందే నాలుగింటిని సిద్ధం చేయించి, ఆమెను పిలిపించి, వాటిపై ఆడించి చూడమని దాతకు చెప్పాను. ఆయన వడ్రంగిని వెదుకుతున్నారు.