సముద్రం మీద డెలివరీ లేదు

విశాఖపట్నం,
ఆదివారం

చిరంజీవి సింధుకు,

విశాఖలో ఓడెక్కి పుదుచ్చేరి మీదుగా చెన్నై దాకా వెళ్తున్నామనీ, ఏమేం సర్దుకోవాలో చెప్పమనీ అడిగావు. ఫోన్లో చెబితే సగం చెవిన పడుతుంది, సగం పాప అల్లరిలో పోతుంది. అందుకే రాస్తున్నాను. పోర్టు ఊళ్ళో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, సముద్రం మీంచి దిగినవాళ్ళని చాలామందిని చూశాను. బట్టలు తక్కువై ఇబ్బంది పడ్డవాళ్ళు వాళ్ళలో లేరు. మందులు మర్చిపోయి పడ్డవాళ్ళు ఉన్నారు.

హఫీజ్‌పేటలో మీకొక అలవాటు పడిపోయింది. కొత్తిమీర అయినా ఛార్జరయినా ఫోన్లో నొక్కితే, బ్లింకిట్ కుర్రాడో జెప్టో కుర్రాడో నిమిషాల్లో గేటు దగ్గరుంటాడు. అలా బతికేవాళ్ళకి ముందుగా ఆలోచించి సర్దుకునే పని తప్పింది. రేవు దాటాక ఆ కుర్రాడు రాడు. కాబట్టి ప్రతి వస్తువూ చేతిలోకి తీసుకుని ఒక్కటే అడుగు: ఇది ఓడలో దొరుకుతుందా? దొరికేదైతే ఇంట్లో వదిలెయ్. దొరకనిదైతే కావలసినదానికన్నా ఎక్కువే పెట్టు.

మా తాతగారి కాలంలో లెక్క వేరు. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌ని పట్టుకునేదాకా మన తీరం నుంచి వేలమంది స్టీమర్లలో బర్మాకి కూలికి వెళ్ళేవాళ్ళు. డెక్కు టికెట్టువాళ్ళు పక్కబట్టలూ తిండీ తామే మోసుకుపోయేవాళ్ళు. మీ ఓడలో పరుపు నుంచి పప్పన్నం దాకా అన్నీ ఓడవాళ్ళే ఇస్తారు. అయినా మనవాళ్ళు ఇప్పటికీ రంగూన్ ప్రయాణానికి సర్దినట్టే సర్దుతారు.

ముందు చేతిసంచీ సంగతి. టెర్మినల్లో పెద్ద సూట్‌కేసుల్ని ట్యాగు వేసి తీసుకుంటారు. స్కానింగు అయ్యి అవి మీ గది తలుపు దగ్గరికి చేరేసరికి కొన్ని గంటలు పట్టొచ్చు. ఈలోగా కావలసినవన్నీ భుజానే ఉండాలి: టికెట్టు ప్రింటు, మందులు, కళ్ళజోడు, పాపకి ఒక జత బట్టలు, పవర్‌బ్యాంకు. దేశంలోని రేవుల మధ్యే తిరిగే ప్రయాణం కాబట్టి పాస్‌పోర్టు అవసరం పడదు. కానీ గుర్తింపు కార్డులు అసలువే పట్టుకెళ్ళాలి, పాపది కూడా. ఏ కార్డు ఒప్పుకుంటారో మీ టికెట్టులో చూసుకో.

మందులు. మీ అత్తగారి బీపీ, షుగరు మాత్రలు ప్రయాణం రోజులకి కాక ఇంకో నాలుగు రోజులకి సరిపడా పెట్టు. అన్నీ ఒకే డబ్బాలో పొయ్యకు, స్ట్రిప్పులతోనే ఉంచి డాక్టరు చీటీ జత చెయ్యి. ఇక వాంతుల మాత్ర. అవోమిన్ లాంటివి ఓడ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ, కక్కేస్తే మాత్రా బయటికొచ్చేస్తుంది. ముందే వేసుకోవాలి. దానితో మత్తు వస్తుంది, పెద్దవాళ్ళు తూలి పడే ప్రమాదముంది. గ్లకోమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. రెండేళ్ళు నిండని పిల్లలకి అసలు ఇవ్వకూడదు. మన పాప ఆ వయసు దాటింది, అయినా ఇవ్వొచ్చో లేదో, ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. వానాకాలపు బంగాళాఖాతం కుదురుగా ఉంటుందని ఎవరూ చెప్పలేరు. గది ఎంచుకునే వీలుంటే ఓడ మధ్యలో, కింది అంతస్తులో అడుగు, అక్కడ ఊపు తక్కువ. కడుపు ఖాళీగా ఉంచుకోవద్దు. వికారమనిపిస్తే ఫోను పక్కన పెట్టి దూరాన నీళ్ళూ ఆకాశమూ కలిసేచోటు చూడండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు పడెయ్యి.

తీసుకెళ్ళకూడనివి. ఇస్త్రీపెట్టె, కెటిల్, చిన్న రైస్ కుక్కరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, అగరొత్తులు, కర్పూరం, అగ్గిపెట్టె. స్కానింగులో పట్టుకుని తీసేసుకుంటారు. నడిసముద్రంలో అంటుకుంటే ఫైరింజను రాదు, అందుకే నావికులు నిప్పంటే అంత జాగ్రత్తగా ఉంటారు. మీ అత్తగారు రోజూ దీపం పెడతారు కదా, ఓడలో అది కుదరదని ఆవిడకి ఇంట్లోనే నెమ్మదిగా చెప్పు. అక్కడ స్కానరు ముందు సంచీలోంచి తీయిస్తే చిన్నబుచ్చుకుంటారు.

ఆవకాయ సీసా, పులిహోర కూడా వద్దు. బయట వండిన తిండిని చాలా ఓడలవాళ్ళు రానివ్వరు. ఒకేచోట వందలమంది తింటారు కాబట్టి ఒకరి విరేచనాలు ఓడంతా పాకుతాయి. అలా పాకే నోరోవైరస్ మీద శానిటైజరు సరిగా పనిచెయ్యదు. చేతులు సబ్బుతో కడుక్కోవడమే మందు. పాపకి అలవాటైన బిస్కట్లు సీలు విప్పనివి ఉంటే, ముందు అడిగి పెట్టుకో.

బట్టలు కొంచెమే. మీరెక్కే ఎంప్రెస్ 1990లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ. గదులు చిన్నవి, మనిషికో చిన్న పెట్టె, అదీ మంచం కిందకి జారేలా ఉండాలి. నూలు బట్టలు, రాత్రి భోజనానికి ఒక మంచి జత, ఏసీ హాల్లోకి శాలువా చాలు. పైడెక్కు మీద గాలికి పట్టుచీర నిలవదు, పిన్నులు మర్చిపోకు. ఓడమీది ఈతకొలనులో దిగాలంటే ఈత బట్టలే ఉండాలి. 2025లో ఈ ఓడ పుదుచ్చేరిలో దూరంగా లంగరు వేసి, జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చింది. అలాంటిచోట ఎత్తుమడమల చెప్పులు పనికిరావు. వెనక పట్టీ ఉన్న, జారని చెప్పులు అత్తగారికి ఇప్పుడే కొని అలవాటు చేయించు.

ఓడెక్కగానే ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఓడ సిగ్నలుకి తగులుకుంటే బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది. పాప పాటలు ఇంట్లోనే డౌన్‌లోడ్ చెయ్యి. ఆ రోజుల్లో ఫోన్లో దొరకమని నువ్వూ మీ ఆయనా మీ ఆఫీసుల్లో ముందే రాసి పడెయ్యండి.

ఓడ బయల్దేరే రోజు పొద్దున విశాఖలో దిగుదామనుకోకు, రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. మీకు లింగంపల్లి దగ్గరే, అక్కణ్ణించి జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒకరోజు ముందే రండి. రాత్రి మా ఇంట్లో పడుకోండి. ఆవకాయా పులిహోరా ఇక్కడే తినొచ్చు, అత్తగారు దీపమూ పెట్టుకోవచ్చు.

దిగే ముందు రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటే, తెల్లారి వేసుకునే బట్టలూ మందులూ కార్డులూ లోపలే ఉంచుకున్నావో లేదో రెండుసార్లు చూడు. రాత్రి పడుకున్న బట్టలతోనే చెన్నైలో దిగినవాళ్ళున్నారు.

సర్దడం అయ్యాక లిఫ్టు ఎక్కకుండా ఎవరి పెట్టె వాళ్ళు మెట్లమీంచి మీ అపార్టుమెంటు గేటు దాకా మొయ్యండి. మధ్యలో ఆగితే వెనక్కి వెళ్ళి మూడోవంతు తీసెయ్యండి. బుధవారం రాత్రి ఫోన్ చేసి అత్తగారి మందుల చీటీ నాకు చదివి వినిపించు. బట్టల లిస్టు చదవక్కర్లేదు.

ఇట్లు,
మీ పిన్ని