రాత్రిపూట చేతి తిమ్మిరి: మణికట్టులో నలిగే నరం

అర్ధరాత్రి చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. లేచి కూర్చుని చేయి విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. దీనిని చాలామంది "నరాల బలహీనత" అనుకొని బలం మాత్రలతో, సూదిమందులతో నెలలు గడిపేస్తారు. నిజానికి ఇలాంటి తిమ్మిరికి ఎక్కువగా కారణమయ్యేది మణికట్టు దగ్గర ఒక నరం నొక్కుకుపోవడం. దీనినే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. తొలి దశలో గుర్తిస్తే చిన్న పట్టీతోనే తగ్గవచ్చు. ఆలస్యమైతే బొటనవేలి బలం తిరిగి రాకపోవచ్చు.

మణికట్టులో ఏముంది?

అరచేయి మొదలయ్యే చోట ఒక ఇరుకైన సొరంగం ఉంటుంది. దాని అడుగున, పక్కల చిన్న ఎముకలు, పైన ఒక గట్టి పట్టీ ఉంటాయి. వేళ్లను ముడిచే 9 స్నాయువులు, మీడియన్ అనే ఒక నరం ఇందులో నుంచే వెళ్లాలి. సొరంగం గోడలు సాగవు. లోపల ఏ కొంచెం వాపు వచ్చినా అన్నిటికంటే మెత్తగా ఉండే నరమే నలుగుతుంది. నిద్రలో మణికట్టు ముడుచుకుంటే దారి ఇంకా ఇరుకవుతుంది. అందుకే బాధ రాత్రిపూట ఎక్కువ.

ఎవరికి వస్తుంది?

పురుషులకంటే స్త్రీలలో ఎక్కువ. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నేటికీ నర్సాపురం పరిసరాల్లో ఎందరో స్త్రీలకు జీవనాధారం. సన్నని సూదిని బిగించి పట్టి, మణికట్టు వంచి గంటల తరబడి అల్లేవారికి ఈ బాధ రావచ్చు. బీడీలు చుట్టేవారు, దర్జీలు, అదిరే యంత్రాలు పట్టి పనిచేసేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. చక్కెర వ్యాధి, థైరాయిడ్ తక్కువగా ఉండడం, కీళ్లవాతం, మణికట్టు విరిగి అతుక్కోవడం కూడా కారణాలే. గర్భిణీలకు వచ్చే తిమ్మిరి చాలావరకు కాన్పు తరువాత తగ్గిపోతుంది.

ఎలా గుర్తించాలి?

1. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలికి సాధారణంగా రాదు.

2. రెండు చేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి ఉండేలా ఒక నిమిషం ఉంచండి. ఆ వేళ్లలోనే తిమ్మిరి వస్తే అనుమానించాలి.

3. బొత్తాలు పెట్టుకోవడం కష్టమైనా, గ్లాసు చేజారుతున్నా, బొటనవేలి మొదట్లోని కండ పల్చబడినా వ్యాధి ముదిరిందని అర్థం. ఇక ఆలస్యం చేయవద్దు.

తిమ్మిరంతా ఇదే కాదు

మెడ నుంచి చేతిలోకి నొప్పి దిగితే మెడ నరం కారణం కావచ్చు. చిటికెన వేలు మొద్దుబారితే అది వేరే నరం. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే కుష్ఠు పరీక్ష చేయించుకోండి. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. హఠాత్తుగా చేయి పడిపోయి, మూతి వంకరపోయి, మాట తడబడితే అది పక్షవాతం. వెంటనే 108కి ఫోన్ చేయండి.

చికిత్స

మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్‌ను రోజూ రాత్రి సుమారు 6 వారాలు కట్టుకోవాలి. బిగించి కట్టకూడదు. తగ్గకపోతే డాక్టరు మణికట్టులో స్టీరాయిడ్ ఇంజక్షన్ ఇవ్వవచ్చు. అవసరమైతే నరం పనితీరును తెలిపే నర్వ్ కండక్షన్ పరీక్ష చేస్తారు. తిమ్మిరి ఎప్పుడూ ఉంటున్నా, కండ తగ్గుతున్నా ఆపరేషన్ కావాలి. చేయి మాత్రమే మొద్దుబారేలా మత్తు ఇచ్చి, సొరంగం పైనున్న పట్టీని కోసి నరానికి చోటు కల్పిస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. నొప్పి బిళ్లలను సొంతంగా నెలల తరబడి మింగితే నరానికి మేలు జరగదు, కడుపు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

పనిలో జాగ్రత్తలు

ప్రతి అరగంటకు సూది కింద పెట్టి వేళ్లు చాచండి. సూది పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే గట్టిగా పట్టనక్కర లేదు. మణికట్టు వంచకుండా, మోచేతికి దిండు ఆసరా పెట్టుకోండి. బట్టలు పిండడం వంటి పనులు ఇంట్లో మిగతావారు పంచుకోవాలి.

సామెతల గ్రంథం 31వ అధ్యాయం చేతులారా కష్టపడే స్త్రీని ఎంతో గౌరవిస్తుంది. ఇల్లంతటినీ పోషించే ఆ చేతికి తిమ్మిరి వస్తే "అదే పోతుందిలే" అని ఊరుకోవద్దు. మీ అమ్మగారో, అత్తగారో, పొరుగింటి అక్కో రాత్రి చేయి విదిలించుకుంటుంటే ఏయే వేళ్లకు తిమ్మిరో అడగండి. కండ తగ్గకముందే డాక్టరుకు చూపించండి.