ఊరి పిల్లులు – పంచాయతీ కర్తవ్యము

పిల్లులు పెరిగినవని గోనెసంచిలో కట్టి పొలిమేర దాటించుట కొన్ని గ్రామములందు కలదు. దానివలన సమస్య తీరదు. తిండి దొరకు చోటికి వేరు పిల్లులు వచ్చి చేరును. ఆడపిల్లి ఆరు నెలలు నిండకమునుపే చూలు దాల్చగలదు. సుమారు 65 దినములకు పిల్లలను పెట్టును. కావున వాటిని పట్టించి, పశువైద్యునిచే సంతాన నిరోధక శస్త్రచికిత్సయు, రేబిస్ టీకాయు చేయించి, తిరిగి ఆ చోటనే విడుచుట మేలు. గాదెల కడ ఎలుకలను పట్టుటకును అవి ఉపకరించును.

తల్లి కనబడనంత మాత్రమున కూనలను తీయరాదు. అది ఆహారమునకై పోయి యుండవచ్చును. పిల్లి కరచినను, రక్కినను గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

ఆకలికి మాడునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతు హింస నివారణ చట్టము ప్రకారము నేరము. సభ్యులు ఈ సంగతిని గ్రామసభలో చాటి, శస్త్రచికిత్సలకు పశువైద్యునితో దినము నిర్ణయింపవలెను.