ఎండ పడని ఆవు



నిన్నటిదాకా కుదురుగా పాలిచ్చిన సంకరజాతి ఆవు ఈ పూట పొదుగు మీద చెయ్యి వెయ్యనివ్వదు. చన్నులు ఎర్రగా కందిపోయి ఉంటాయి. ఇంట్లోవాళ్లు పొదుగువాపు అనుకుంటారు. పాలలో చూస్తే విరుగుడూ లేదు, నెత్తురూ లేదు. అప్పుడు ఆవు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. నల్లమచ్చల మీద చర్మం బాగానే ఉండి, తెల్లమచ్చల మీద, ముట్టె మీద, చెవుల అంచులలో మాత్రం కంది, అట్టకట్టి, ఊడుతున్నదా? కళ్లు పచ్చబడ్డాయా? ఎండలో నిలవలేక నీడకు పరుగెడుతున్నదా? అయితే ఆ ఆవుకు ఎండ పడడం లేదు.

తప్పు ఎండది మాత్రమే కాదు. చాలాసార్లు అసలు కారణం లాంటానా. పులికంప అని, తలంబ్రాల మొక్క అని పిలిచే ఈ పొద మెట్టల మీద, కంచెల వెంట పెరుగుతుంది. మేత దొరికే రోజుల్లో పశువు దీని జోలికి పోదు. వేసవిలో పచ్చిక మాడిపోయినప్పుడు, లేదా సంతలో కొని తెచ్చిన కొత్త పశువు మొక్కను ఎరగక తింటుంది. ఇందులోని లాంటడీన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీసి పైత్యరసం పారకుండా చేస్తుంది. పచ్చిమేతలోని ఆకుపచ్చ పదార్థం పశువు పొట్టలో అరిగేటప్పుడు ఫిల్లోఎరిత్రిన్ అనే పదార్థం తయారవుతుంది. మామూలుగా అది పైత్యరసంతో బయటికి పోతుంది. దారి మూసుకుపోతే రక్తంలో చేరి చర్మానికి వస్తుంది. దాని మీద ఎండ తగిలితే చర్మం కాలినట్టవుతుంది. నల్లచర్మం ఎండను ఆపుతుంది గనుక గేదెలో ఈ పుండ్లు తక్కువ. అంతమాత్రాన గేదెకు విషం ఎక్కదని కాదు. మేత మానడం, పేడ గట్టిపడటం, కామెర్లు దానికీ వస్తాయి.

వెంటనే చేయవలసింది మూడు పనులు. పశువును నీడలో, వీలైతే చీకటి శాలలో కట్టండి. పచ్చిమేత ఆపి వరిగడ్డి, మంచినీళ్లు ఇవ్వండి. పచ్చిమేత వేసినకొద్దీ రక్తంలోకి ఆ పదార్థం చేరుతూనే ఉంటుంది. పశువైద్యుణ్ణి పిలవండి, లేదా 1962కు ఫోను చేయండి. ఆలస్యం పనికిరాదు. ఎందుకంటే పొట్ట కదలక తిన్న ఆకు అక్కడే నిలిచి, రోజుల తరబడి విషాన్ని వదులుతూ ఉంటుంది. డాక్టరు బొగ్గుపొడి మందు తాగించి ఆ విషాన్ని పట్టివేయిస్తారు, సెలైను పెడతారు, అవసరమైతే పొట్ట ఖాళీ చేయిస్తారు. పుండ్ల మీద ఈగలు వాలకుండా చూడటం మన పని. కామెర్లకని వాతలు పెట్టించడం మాత్రం వద్దు. ఒకచోట కాలిన చర్మాన్ని మరోచోట కాల్చడం వైద్యం ఎలా అవుతుంది?

ఇక మన ఒంటి సంగతి. వయ్యారిభామను మనం 1950లలో పూణే దగ్గర మొదట గుర్తించాం. నేడది నాగావళి గట్ల దాకా వచ్చింది. దీని పుప్పొడి, ఆకుల నూగు పడనివారికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదపెట్టి, దద్దురెక్కి, ఎండలో మరీ ముదురుతుంది. పొలం పనులు చేసే ఆడవాళ్లు దీన్ని చెమటకాయలనుకొని ఏళ్ల తరబడి బాధపడతారు. మందులషాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రెండు రోజులు హాయినిస్తుంది; అదేపనిగా రాస్తే చర్మం పలచబడుతుంది. చర్మవైద్యుణ్ణి కలవండి. పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగు, పొడుగు చేతుల చొక్కా వేసుకొని వేరుతో పీకండి. పని అయ్యాక స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి. పైరు లేని బీడులో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లవచ్చు. పొలంలో వద్దు, నేల చౌడవుతుంది.

వయ్యారిభామ తిన్న పశువు పాలు చేదెక్కుతాయి. అలాంటి పాలు ఒక్క బిందె పడితే కేంద్రంలోని క్యాను అంతా పాడవుతుంది. పశువుకు యాంటిబయాటిక్ ఇచ్చినా, ఆ పాలు ఎన్ని రోజులు కేంద్రానికి పోయరాదో డాక్టరును అడిగి, కార్యదర్శికి ముందే చెప్పండి.