సంత చదువు

చదువనగా పుస్తకము చేతబట్టుటయే యని నేడు పలువురి తలంపు. వేదమునకు శ్రుతి యను పేరు వినికిడివలన వచ్చినది. ఏ జనులు దేనిని పోగొట్టుకొనరాదని యెంతురో, దానికి తగినట్లే వారి చదువు రూపొందును. మన పూర్వులు అట్లెంచిన వానిలో స్వరము ముఖ్యము.

త్వష్ట కథ అందరెఱిగినదే. ఇంద్రుని సంహరింపగల కుమారుని గోరి యతడు హోమము చేసెను. 'ఇంద్రశత్రు' అను పదమున ఉదాత్తము చివర నుండిన 'ఇంద్రుని చంపువాడు' అని యర్థము. మొదట నుండిన 'ఇంద్రుడే చంపువాడుగా గలవాడు' అని యర్థము. స్వరము తప్పెను. పుట్టిన వృత్రుడు ఇంద్రునిచేతనే హతుడయ్యెను. అక్షర మొక్కటియు మారలేదు సుమా!

కావుననే పాఠశాలలో గురువు ఒకమారు పలుకగా శిష్యుడు రెండుమారులు పలుకును. దీనినే సంత చెప్పుట యందురు. సంహిత వచ్చిన పిదప పదము, క్రమము, జట, ఘన. ఘనయందు మొదటి రెండు పదములు ముందునకు, వెనుకకు నడచి, మూడవదానితో గూడి మరల ముందునకు, వెనుకకు, ముందునకు నడచును. మూడు పదములకు పదమూడు పలుకులు. పదములు తిరుగబడినపుడు సంధి మారును. పద మెచట విడునో తెలియనివాడు అచటనే చిక్కుపడును. దీనిని చిలుకపలుకు లనుట పొసగదు. ఈ పఠన సంప్రదాయమును 2003లో యునెస్కో మానవజాతి మౌఖిక వారసత్వపు ఉత్కృష్ట కృతులలో నొకటిగా ప్రకటించినది. అర్థము మాట వేఱు. అర్థ మెఱుగక వల్లించువానిని బరువు మోయు స్తంభముతో పోల్చినది యాస్కుని నిరుక్తమే. ఆ మాట తగిలెడివారు నేటికిని లేకపోలేదు.

ఈ చదువునకు విరామమును నియమమే. పాడ్యమి, అష్టమి మొదలగునవి అనధ్యయన దినములు. సుందరకాండమున హనుమంతుడు సీతమ్మ కృశించిన తీరును చెప్పుచు, పాడ్యమినాడు చదువువాని విద్యతో పోల్చెను. ఆ యుపమానము నాటి శ్రోతలకు వెంటనే తెలిసియుండవలెను గదా.

గృహస్థుల యిండ్లలో తిరుప్పావై వచ్చుటయు నిట్లే. ధనుర్మాసమున దినమున కొక పాశురము, ముప్పది పాశురములు. భాష ద్రావిడము, చేతిలోని పుస్తకము తెలుగు లిపి. మొదటి పాశురము మొదటి పదముననే నేటి తెలుగు వర్ణమాలలో లేని యక్షర మొకటి యెదురగును. అచ్చులో 'ళ' అని చదివి బాలుడు 'ళ' అనియే పలుకును. నాలుక వెనుకకు మడచి పలుకవలెనని అవ్వగారు నోరు తెఱచి చూపి, మరల పలికింతురు. ఫోనులో పాశురము వినుట మేలే. విన్నది యెట్లు పలికెనో ఆ ఫోను చూచుట లేదు. ఆ యక్షరము నాలుకకు వచ్చినగాని రెండవ పాశురము ఎత్తుకొననీయని అవ్వలు ఇప్పటికిని గలరు.