సంక్రామణ విరోపణము – లేమొక్కను కుండ మార్చు విధి

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదాధ్యాయ మను ప్రకరణము గలదు. ఒకచోట మొలిచిన మొక్కను వేరొకచోట నాటుటకు అందు "సంక్రామణ విరోపణము" అను పదము ప్రయుక్తమైనది. "నాటుట" యని మాత్రమే దీనికి అర్థము చెప్పి ముందునకు సాగుట తరచు కనబడుచున్నది. అది తప్పు కాదు గాని చాలదు. ఇందలి ధాతువులను విచారించినచో, చిన్నకుండలో నారు పెంచి పెద్దకుండలోనికి మార్చు పద్ధతికి గల హేతువు కూడ విశదమగును.

1. సంక్రామణము

సూర్యుడు ఒక రాశినుండి వేరొక రాశికి చేరుట సంక్రమణము. సూర్యుడు తానే కదలును. మొక్క కదలజాలదు, దానిని చేర్చువాడు వేరొకడుండవలెను. అందుచే ఇచట ప్రేరణార్థకమైన సంక్రామణ శబ్దము వాడబడినది. క్రమ ధాతువునకు ప్రేరణమున హ్రస్వము రావలసియున్నను, "సంక్రామయతి" యను దీర్ఘరూపమును వైయాకరణులు సమర్థించిరి. మొక్క క్షేమమునకు బాధ్యత చేర్చువానిదే యని ఈ రూపమువలన గ్రహింపనగును.

2. విరోపణము

రుహ ధాతువునకు మొలచుట, పెరుగుట యని అర్థము. ప్రేరణమున హకారమునకు పకారమును పాణిని వికల్పముగా విధించెను. కావున రోహయతి, రోపయతి యని రెండు రూపములు. ఈ రోపణ శబ్దమే వైద్యశాస్త్రమున పుండు మాన్పుట యను అర్థమున ప్రసిద్ధము. దర్భ గుచ్చుకొన్న లేడిపిల్ల నోటికి శకుంతల పూసిన ఇంగుదీ తైలమును కాళిదాసు వ్రణవిరోపణ మనియే పేర్కొనెను.

మొక్కను మార్చునపుడు నేయి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగములు, పాలు, గోమయము కలిపి, వేరు మొదలుకొని బోదె వరకు పూయుమని వరాహమిహిరుడు చెప్పెను. వీనిలో నేయి, తేనె, నువ్వులు సుశ్రుతుని వ్రణచికిత్సయందును గలవు. కావున పెరికిన మొక్కను గాయపడిన దేహముగా శాస్త్రకారుడు భావించెనని నా అభిప్రాయము. ఇచట నాటుట యనగా మాన్పుట కూడను.

3. చిన్నకుండ ప్రయోజనము

తులసిని ఉదాహరణముగా గైకొందము. దాని విత్తు మిక్కిలి సన్నము. కోటలో నేరుగా చల్లినచో పోసిన నీటికి కొట్టుకొనిపోవును. లేదా లోతునకు దిగి మొలవదు. అడుగున రంధ్రముగల చిన్నకుండలో మన్ను, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, విత్తు చల్లి, పైన పలుచగా మన్ను కప్పి, నీరు చేతితో చిలకరింపవలెను.

పెద్దకుండలో వేరు చేరని మన్నే అధికము. ఆ తడి ఆరక లేతవేరు కుళ్ళును. చిన్నకుండలో వేళ్ళు మన్నును శీఘ్రముగా అల్లుకొని గడ్డగా పట్టియుంచును. రెండుమూడు జతల నిజమైన ఆకులు వచ్చి, వేరు మన్నును పట్టిన పిదప, కుండను బోర్లించి గడ్డ చెదరకుండ మార్చినచో వేరు తెగదు. గాయము స్వల్పమైనచో మాన్పవలసినదియు స్వల్పమే. మిక్కిలి ఆలస్యము చేసినచో వేళ్ళు కుండగోడ వెంబడి చుట్టలు చుట్టుకొనును. అట్టి మొక్క పెద్దకుండలోను త్వరగా కోలుకొనదు. మార్పు సాయంకాలమున చేసి, రెండుమూడు దినములు నీడలో నుంచుట మేలు.

4. కాలము, దిక్కు

కొమ్మలు రాని మొక్కను శిశిరమున, కొమ్మలు వచ్చినదానిని హేమంతమున, బోదె గట్టిపడినదానిని వర్షారంభమున మార్చుమని శాస్త్రము. ఈ విభాగమునకు ఆధారము మొక్క యొక్క అవస్థయే గాని కేవలము పంచాంగము గాదు. మొదట ఏ దిక్కునకు ఏ వైపున్నదో ఆ వైపే నాటవలెనని మరియొక నియమము. ఎండకు అలవాటుపడిన పార్శ్వము ఎండవైపే యుండుట దీని ప్రయోజనమని తోచుచున్నది.

సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో సురపాలుని వృక్షాయుర్వేదమును ఆంగ్లానువాదముతో ప్రకటించినది. ఇట్టి గ్రంథములు అందుబాటులో నుండగా, వానిని పదార్థమాత్రముగా చదివి విడుచుట మన విద్యకు లోపము. ఈ అధ్యాయమును బోధించు అధ్యాపకులు విద్యార్థులచేత ఒక్క తులసి మొక్కనైన కుండ మార్పించినచో, విరోపణ శబ్దమునకు రెండర్థము లేల కలిగినవో వారికి ప్రత్యక్షముగా తెలియగలదు.